గేటుకు కట్టిన దారం

కరీంనగర్,
28 జనవరి 2024

పోశం భాయ్‌కి ముకర్రం సలాం.

నీ కార్డు అందింది. అక్బర్ నలభయ్యో రోజు చహెలుంకు రాలేకపోయానని బాధపడ్డావు. బాధపడకు. వచ్చినవాళ్లంతా ఓదార్పు మాటలు చెప్పి బిర్యానీ తిని పోయారు. నువ్వు వచ్చినా మా మాట నీకు వినబడదు, నీతో మాట్లాడే ఓపిక మాకూ లేదు. నలభై ఏళ్ల కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన ఇంట్లో ఎవరికి ఎవరు ఏం చెప్తారు?

గనిలో పేలుడుకు నీ చెవులు పోయినప్పటి నుంచి మనిద్దరికీ ఈ ఉత్తరాలే దిక్కు. వాట్సప్‌లో రాయమంటే నా వేళ్ల మందానికి ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయంటావు. మంచిదే అయింది. ఇప్పుడు రాయబోయేది ఫోన్‌లో చెప్పగలిగేది కాదు.

నాకొక కట్టడం కావాలి. మా మేడ మీది గదిలో ప్లైవుడ్ బల్ల మీద నేనూ అక్బరూ రైలు పట్టాలు వేసుకున్నప్పటి నుంచి ఆ బల్ల మీదున్న ప్రతి కట్టడమూ నీ చేతిదే. శ్రీరాంపూర్‌లో మనం పుట్టి పెరిగిన క్వార్టర్ల లైను, గని మీది పెద్ద చక్రం, మా నాన్న చాయ్ తాగిన క్యాంటీను, అన్నీ అగ్గిపుల్లలతోనూ పెళ్లి పత్రికల అట్టతోనూ కట్టి పంపావు. ప్రతిదానిలోనూ అగ్గిపుల్లను సగానికి విరిచి ఒక మనిషిని చేసి నిలబెట్టావు. "ఎవడుంటడో వాని ఎత్తు చెప్పు, గది నేను కడత" అనేవాడివి. వాచీలు బాగుచేసే నాకే నీ పని చూస్తే ఈర్ష్య పుట్టేది.

ఈసారి కావలసింది చెన్నూరు రోడ్డు మీద, ఆ ప్రైవేటు బొగ్గు యార్డులోకి పోయే సైడింగు పట్టాల మీది గేటు. నా కొడుకు చచ్చిపోయిన గేటు.

పోలీసులు చెప్పింది ఇది. పొద్దున పొగమంచులో బొగ్గు రైలు డబ్బాలు గేటు దాటి మెయిన్ లైను వైపు పోయాయి. గేటు మనిషి గేటు ఎత్తాడు. ముందు నిలబడ్డ బండి అక్బర్‌ది. చెన్నూరులో ఏటీఎం మిషను బాగుచేయడానికి పోతున్నాడు. వాడు పట్టాల మీదికి రాగానే, పోయిన డబ్బాలే వెనక్కి వచ్చి కొట్టాయి. కేబిన్ కిటికీలోంచి లైనంతా సాఫ్‌గా కనబడుతుందట. గేటు మనిషి నిద్రపోతూ లేచి, చూడకుండా గేటు ఎత్తాడని రాసుకున్నారు. వాడెవడో శ్రీహరి అట. కిటికీ ముందు బొగ్గు కుప్ప అడ్డం ఉండిందని వాడంటున్నాడట.

యార్డు కాంట్రాక్టరు మనిషి హనుమండ్లు మా ఇంటికి వచ్చాడు. కాగితం ముందు పెట్టి, "పెద్దమనిషివి, గేటోడు నిద్రపోయిండు, నీ కొడుకు పాయె. గదే కోర్టుల జెప్తనని సంతకం పెట్టు, వాని సంగతి మేం జూస్కుంటం" అన్నాడు. నేను పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు.

భాయ్, ఆ కిటికీలో కన్ను పెట్టి నేను చూడాలి. అక్కడికి పోయి నిలబడే ధైర్యం నాకు లేదు, అందుకే బల్ల మీద కావాలి. కేబిన్, గేటు, రోడ్డు, కుప్ప ఉంటే కుప్ప, ఏది ఎట్లుంటే అట్లా కట్టు. వాడికి కనబడేదని తేలితే సంతకం పెట్టేస్తాను. వాడు జైల్లో కుళ్లిపోయినా నాకు ఫికర్ లేదు.

నీ
ముకర్రం


శ్రీరాంపూర్,
24 ఫిబ్రవరి

ముకర్రం భాయ్‌కి,

జవాబు ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేదని రాద్దామనుకున్నాను కానీ ఒంట్లో బాగానే ఉంది. నీ ఉత్తరం చదివి పక్కన పెట్టాను, మళ్లీ తీసి చదివాను, మళ్లీ పెట్టాను. ఇట్లాంటి పని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గేటు దగ్గరికి పోయి వచ్చాను. కేబిన్ చిన్నది. నాలుగు ఇటుక గోడలు, పైన రేకు, రోడ్డు వైపు తలుపు, మెయిన్ లైను దిక్కుకు ఒకటే కిటికీ. లోపలికి పోనిచ్చారు. ఇప్పుడు కొత్త గేటు మనిషి ఉన్నాడు, నా మెడలో పలక చూసి నవ్వాడు. ముసలోడికి బడి ఏమిటనుకున్నాడేమో. నేను చెవిటివాణ్ణి, రాసి చెప్పు అని చాక్‌పీసు చేతికిస్తే నవ్వు ఆపి మంచినీళ్లిచ్చాడు.

కుప్ప ఇప్పుడు లేదు. కిటికీలోంచి లైను మలుపు దాకా కనబడుతోంది. పోలీసులు చూసింది ఇదే. అయితే నేను కిటికీ ముందు నేల గీరి చూశాను. పైన కొత్త మట్టి పోశారు, బెత్తెడు తవ్వితే కింద బొగ్గే. కేబిన్ బయటి గోడకు సున్నం వేసి ఉంది కదా, దాని మీద నల్ల మరక ఉంది. కిటికీ కింది అంచు దాటి, నా గడ్డం దాకా వచ్చింది. కుప్ప ఆనుకుని వానలకు తడిస్తే తప్ప అట్లాంటి మరక పడదు. గనిలో ఉన్నప్పుడు కర్ర దిమ్మెలు పెట్టి కప్పు నిలబెట్టే పని నాది, బొగ్గు ఎక్కడ ఆనుకుని ఉండిందో గోడ చూస్తే తెలుస్తుంది.

ఎదురుగా చాయ్ హోటలు గంగుబాయిని అడిగాను. ఆమె చెయ్యి నెత్తి మీదికి ఎత్తి చూపించింది. తర్వాత రెండు చేతులూ దులిపేసింది. కుప్ప అంత ఉండేదని, తర్వాత ఎత్తేశారని. ఎవరన్నా ఫోటో తీశారా అని రాసి చూపిస్తే తల అడ్డంగా ఊపింది. ఆ రోజు అక్కడ చేరిన జనమంతా ఫోటోలు తీశారట భాయ్. అన్ని ఫోన్లలోనూ అక్బర్ బండి ఉంది. కుప్ప ఒక్కరి ఫోన్లోనూ లేదు. ఇది నీకు రాయవలసింది కాదేమో, రాసేశాను.

పని మొదలుపెట్టాను. గోడలకు పత్రికల అట్ట. రేకుకు డబ్బా అట్ట లోపలుండే ముడతల కాగితం. గేటు కడ్డీకి అగరుబత్తి పుల్ల, దాని బరువుకు సైకిల్ బేరింగు గుండు. రోడ్డుకు పాత గరుకు కాగితం. బొగ్గుకు బొగ్గే, చాయ్ జల్లెట్లో జల్లిస్తున్నాను. కుప్పను గోడ మీది మరక ఎంత ఎత్తుందో అంతే పోస్తాను, వెంట్రుక కూడా ఎక్కువ పోయను.

ఒక్కటే అడగాలి. కిటికీలో మనిషిని పెట్టాలా? ఆ పిల్లగాడిని అందరూ నిద్రపోయాడంటున్నారు. ఆ పిల్లగాడు నిద్రపోయాడో లేదో కట్టేవాడికి ఎట్లా తెలుస్తుంది?

కోడలు ముబీనాను, చెల్లె ఖుద్సియాను అడిగానని చెప్పు. ముబీనా ఇంకా అన్నం ముందు పెట్టుకుని తినకుండా లేస్తోందా?

పోశం


కరీంనగర్,
20 మార్చి

పోశం,

రంజాన్ రోజా ఉన్నవాడికి కోపం రాకూడదంటారు. నాకు వస్తోంది.

పొయ్యిన నెల ఉత్తరం రాశావు, ఈ నెల ఇంకా కేబిన్ రాలేదు. క్యాంటీను మొత్తం పది రోజుల్లో కట్టి పంపిన మనిషివి. నాలుగు గోడలూ ఒక రేకూ ఇంత ఆలస్యమా? నా ఇంట్లో పొద్దు ఎట్లా గడుస్తుందో నీకు తెలుసా? ముబీనా అన్నం సంగతి అడిగావు. తింటోంది. తిన్నాక అక్బర్ చొక్కాలు తీసి ఉతుకుతుంది. ఉతికినవే మళ్లీ ఉతుకుతుంది. రంగు పోయి అన్నీ ఒకటే తీరు అయ్యాయి. వద్దనడానికి కన్నతల్లి ఖుద్సియాకు నోరు రాదు, నాకూ రాదు.

హనుమండ్లు మళ్లీ వచ్చాడు. ఇఫ్తార్‌కు ఖర్జూరాల డబ్బా తెచ్చాడు. నా బిడ్డను చంపిన యార్డు ఖర్జూరాలు నేను తినాలట. గల్లీ కుక్కలకు వేశాను, అవీ తినలేదు.

మనిషిని పెట్టాలా అని అడిగావు. పెట్టు. తల కిటికీ మీద వాల్చి నిద్రపోతున్నట్టు పెట్టు. పోలీసులు అట్లాగే రాశారు కదా. కుప్ప ఉండిందే అనుకో, కనబడకపోతే ఏం చేయాలి? గేటు ఎత్తకుండా కూర్చోవాలి. లేచి బయటికి వచ్చి చూడాలి. అంతకంటే వాడికి పనేముంది? జీతం దేనికిచ్చారు?

ఇంకొకటి. నీ ఉత్తరంలో ఆ గేటు మనిషిని రెండుసార్లు "పిల్లగాడు" అన్నావు. కాగితాల్లో వాడికి ముప్పై దాటాయి. ఎవరికి పిల్లగాడు వాడు?

ముకర్రం


శ్రీరాంపూర్,
16 ఏప్రిల్

ముకర్రం భాయ్‌కి,

ఆర్టీసీ కార్గోలో డబ్బా పంపాను. మీద "గాజు వస్తువులు" అని రాశాను, లేకపోతే విసిరేస్తారు. ఈ ఉత్తరం చదివాకే విప్పు.

ఎవరికి పిల్లగాడు అని అడిగావు. నాకు. శ్రీహరి మా అక్క ఎల్లక్క కొడుకు. మా బావ సాంబయ్య పోయినప్పుడు వాడు మోకాలెత్తు ఉండె, నా భుజం మీదే పెరిగాడు. నీ మొదటి ఉత్తరంలో వాడి పేరు చూడగానే చెప్పవలసింది. చెబితే నా చేతి కేబిన్‌ను నువ్వు నమ్మవని చెప్పలేదు. కట్టి పంపాక చెబుదామనుకున్నాను. కట్టాను కాబట్టి చెబుతున్నాను.

నిద్రపోతున్న మనిషిని నేను చేయలేదు. చేయను. మేల్కొని ఉన్న మనిషినీ చేయలేదు. నా మేనల్లుడు కదా, వాడి తరఫున కట్టానని నువ్వనకూడదు. నేను కట్టినవాటిలో మనిషి లేనిది ఇదొక్కటే.

ఇక వాడు చెప్పింది రాస్తాను. బెయిలు మీద వచ్చినప్పటి నుంచి వాడు ఎవరితోనూ మాట్లాడడు. నాతో మాట్లాడాలంటే పలక మీద రాయాలి కదా, నోరు తెరవక్కర లేదు, అందుకేనేమో నాకు చెప్పాడు. వాడు రాసింది రాసినట్టే దించుతున్నాను.

"కండ్లు తెరిచే ఉన్న మామా. నిలబడే ఉన్న. డబ్బాలు గేటు దాటి పోయినయ్. కుప్ప మీదికెల్లి డబ్బాల నెత్తులు గింతంత కనబడుతున్నయ్, అంతా మంచు. ఇంజను సప్పుడు దూరంల ఉన్నది. పోతున్నయనుకున్న. లారీలోల్లు హారన్లు కొడుతున్నరు. ఫోన్ రాలే. గేటు లేపిన."

అంతే. దాన్ని తుడవబుద్ధి కాక పలకను రెండు రోజులు గోడకు ఆనించాను. అప్పుడు తట్టింది నాకు. డబ్బాలు పోయేటప్పుడు ఇంజను ముందుంది, లాగుతూ పోయింది. మలుపు దగ్గర ఆగి, ఏదో డబ్బా మరిచారని, గేటుకు ఫోన్ చేసి చెప్పకుండానే మళ్లీ యార్డులోకి వెనక్కి నెట్టారు. అప్పుడు కూడా ఇంజను ఆ చివరనే ఉంటుంది. ఈ చివర, గేటు వైపు, ఉత్త డబ్బాలే. చివరి డబ్బా మీద జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి, ఆ యార్డులో ఆ మనిషిని ఎప్పుడో మాన్పించారు. డబ్బాలు మీదికి వస్తున్నా, ఇంజను చప్పుడు మాత్రం దూరం నుంచే వినబడుతుంది. ఎదురుగా చూసేవాడికి మంచులో డబ్బాల నెత్తులు కదులుతున్నాయని తెలుస్తుంది కానీ, వస్తున్నాయో పోతున్నాయో తెలియదు. వాడు చెవిని నమ్మాడు.

నాలాంటి చెవిటివాడు ఆ కేబిన్‌లో ఉంటే గేటు ఎత్తేవాడు కాదు భాయ్. భయపడి బయటికి వచ్చి చూసేవాడు. వాడికి చెవులుండబట్టి మోసపోయాడు.

నా మాట నమ్మకు. నీకు చెవులున్నాయి, నీ బల్ల మీద ఇంజనుంది. కేబిన్ వెనక గోడ తలుపులా తెరుచుకుంటుంది, అక్కడ కన్ను పెడితే కిటికీలోంచి చూడొచ్చు. గేటుకు దారం కట్టాను, లాగితే లేస్తుంది. రైలు నడిపే మీట ఇంకెవరి చేతికన్నా ఇవ్వు. డబ్బాలు గేటు దాటాక ఒకసారి ముందుకే పోనిమ్మను, ఒకసారి వెనక్కి నెట్టమను. ఏది చేస్తున్నారో నీకు చెప్పొద్దను. డబ్బాలు పోయాయనిపించినప్పుడు గేటు ఎత్తు. నేనైతే చేసి చూడలేను, నాకు ఇంజను చప్పుడు లేదు.

బండిని చేయలేదు. నా చేత కాలేదు.

పోశం


కరీంనగర్,
25 ఏప్రిల్

పోశం,

డబ్బా వచ్చింది. విప్పలేదు. మంచం కింద పెట్టాను.

శ్రీహరి మీ అక్క కొడుకని నాకు మొదటి రోజే తెలుసు. పోలీసు కాగితంలో తండ్రి పేరు సాంబయ్య, ఊరు చెన్నూరు అని ఉంది. ఎల్లక్క పెళ్లిలో విస్తళ్లు వేసినవాణ్ణి నేను, నాకు తెలియదా? అయినా నీకే రాశాను. ఎందుకో చెప్తాను. గోడ వంకరగా ఉంటే వంకరగానే కట్టే మనిషివి నువ్వొక్కడివే. సొంత మనిషి అయినా అబద్ధం కట్టడు అనుకున్నాను. నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని ప్రతి ఉత్తరంలోనూ వెతికాను. మూడు నెలలు పట్టింది నీకు.

ఇప్పుడు పంపింది గేటా, వకాల్తానా? కుప్ప కాదు, మంచు కాదు, చివరికి వాడి చెవులది తప్పా? నా కొడుక్కీ చెవులుండేవి. గేటు లేచింది కాబట్టి పోయాడు. వాడు నమ్మింది గేటును.

మీ వాడు బెయిలు మీద ఇంట్లో కూర్చుని పలక మీద రాస్తున్నాడు. మా వాడు ఎక్కడ రాయాలి?

ఇక నాకు రాయకు.

ముకర్రం


శ్రీరాంపూర్,
12 జూన్

ముకర్రం భాయ్‌కి,

రాయకు అన్నావు. ఇదొక్కటి రాస్తాను, చదవకుండా చింపినా సరే.

నిన్న శ్రీహరి కోర్టుకు పోయాడు. నేనూ అక్కా పోయాం. జడ్జి ఏదో అడిగాడు, వీడేదో అన్నాడు, అక్క కింద కూలబడ్డది. నాకేమీ వినబడలేదు. చుట్టూ అందరి నోళ్లూ కదులుతున్నాయి, మా వకీలు వీడి రెక్క పట్టుకుని గుంజుతున్నాడు. బయటికి వచ్చాక చాక్‌పీసు చేతికిచ్చాను. "నిద్రపోయిన అని ఒప్పుకున్న" అని రాశాడు.

భాయ్, అరవై ఏళ్లు దాటాక మొదటిసారి నేను మనిషి మీద చెయ్యి ఎత్తాను. కోర్టు మెట్ల మీద వాణ్ణి కొట్టాను. కొట్టించుకున్నాడు. ఎందుకు అబద్ధం చెప్పినవురా అని నోటితోనే అరిచాను, నా అరుపు నాకు వినబడదు కదా, ఎంత గట్టిగా అరిచానో అందరూ తిరిగి చూశారు. వాడు నా మెడలో పలక తీసుకుని నెమ్మదిగా రాశాడు.

"నిద్రపోయిన అంటే అందరికి సమజైతది మామా. సూసిన, ఇన్న, అయినా లేపిన అంటే ఎవలకు సమజైతది?"

హనుమండ్లు వచ్చి పోతున్నాడని, ఒప్పుకుంటే శిక్ష తక్కువ పడుతుందని చెప్పాడని అక్క తర్వాత చెప్పింది. అది ఒక కారణమేమో. నాకైతే వాడు రాసిందే కారణం అనిపిస్తుంది. ఆర్నెల్ల నుంచి ఎవరూ నమ్మని నిజం మోసి మోసి అలిసిపోయాడు. ఇంటి ముందు నుంచి పోయే ప్రతివాడూ వాణ్ణి చూసి కళ్లు మూసి తల వాల్చి చూపిస్తాడు. పిల్లలు కూడా. నేను చెవిటివాణ్ణి, గుడ్డివాణ్ణి కాదు, అవన్నీ చూస్తున్నాను. ఇప్పుడు వాడే తల వాల్చాడు.

తీర్పు ఇరవై నాలుగు, సోమవారం నాడు. ఒప్పుకున్నాక ఇంక చేసేదేమీ లేదంటున్నాడు వకీలు.

నిన్ను ఏమీ అడగడం లేదు. నీ కొడుకు పోయాడు, నీ కోపం నీది. ఆ కేబిన్ అక్కర లేకపోతే తిప్పి పంపకు. అట్టను పొయ్యిలో వెయ్యి. బొగ్గు కూడా మండుతుంది, అది మంచి బొగ్గే.

పోశం


కరీంనగర్,
18 జూన్

పోశం భాయ్‌కి ముకర్రం సలాం.

నిన్న బక్రీద్. ఈసారి మా ఇంట్లో పండుగ లేదు. నీ ఉత్తరం శనివారమే వచ్చింది. చదివి ఎవరికీ చెప్పకుండా జేబులో పెట్టుకున్నాను. చొక్కా ఉతకడానికి తీసుకుని ముబీనా దాన్ని చదివిందని నాకు తెలియదు.

ఇవాళ పొద్దున మేడ మీద చప్పుడైతే పైకి పోయాను. డిసెంబరు నుంచి తాళం వేసి ఉన్న గది. తలుపు తీసి ఉంది. ముబీనా మంచం కింది డబ్బా విప్పి, నీ కేబిన్‌ను పట్టాల పక్కన పెట్టింది. నీ ఏప్రిల్ ఉత్తరం కూడా వెతికి తీసి, చదువుకుంటూ నువ్వు చెప్పినట్టే అన్నీ అమర్చింది. ఖుద్సియా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను కేకలు వేశాను. ముబీనా నా వైపు చూడలేదు. ఇంజను తుడుస్తోంది.

భాయ్, నీ పని అప్పుడు చూశాను. సున్నం మీద ఆ మరక కూడా వేశావు. కేబిన్ తలుపు గొళ్లెం ఒకటి ఊడి వేలాడుతోంది, అదీ వేశావు. నేను ఒక్కసారి మాత్రమే చూశాను ఆ చోటు, శవాన్ని తీసుకోవడానికి పోయినప్పుడు. అదే గొళ్లెం.

ముబీనా తన తెల్ల దుపట్టా తీసి పట్టాల మీదుగా రెండు పుల్లలకు కట్టింది. మంచు అన్నది. తర్వాత అక్బర్ చొక్కా గుండీ ఒకటి తెచ్చి గేటు ముందు రోడ్డు మీద పెట్టింది. రైలు మీట తన చేతిలోకి తీసుకుని, దారం కొస నా చేతిలో పెట్టింది. నేను వద్దంటే ఖుద్సియా అంది, "ఒక్కసారి జూడుండ్రి. మన బిడ్డ కోసమన్న జూడుండ్రి."

చూశాను. మోకాళ్ల మీద కూర్చుని వెనక గోడ తెరిచి కన్ను పెట్టాను.

కుప్ప. కుప్ప పైన తెలుపు. తెలుపులో నల్లగా డబ్బాల అంచులు. మొదటిసారి డబ్బాలు గేటు దాటి పోయాయి, ఇంజను చప్పుడు దూరమైంది, దారం లాగాను, గేటు లేచింది. ఏమీ కాలేదు. పోయాయి. ఇదేం పెద్ద కష్టమనుకున్నాను, ఒట్టు. ఆ క్షణాన నీ మేనల్లుడి మీద నాకు మళ్లీ కోపం వచ్చింది. రెండోసారీ అంతే, పోయాయి.

మూడోసారి కూడా డబ్బాలు గేటు దాటాయి. ఇంజను చప్పుడు అవతలి మూలకు పోయింది. నేను వాచీలు చూసేవాణ్ణి, గడియారం గుండె కొట్టుకోవడంలో ఇంత తేడా వస్తే చెవితో పట్టేవాణ్ణి. ఆ చెవితోనే విన్నాను. దూరంగా ఉంది. చాలా దూరంగా. డబ్బాల అంచులు దుపట్టా వెనక వణుకుతున్నాయి. పోతున్నాయి అనుకున్నాను. అనుకోవడం కాదు భాయ్, నాకు ఖాయంగా తెలుసు. ఇంకొంచెం ఆగాను కూడా. ఆగి, దారం లాగాను. గేటు లేవగానే ముబీనా గుండీని వేలితో పట్టాల మీదికి జరిపింది.

కుప్ప పక్క నుంచి డబ్బా బయటికి వచ్చింది. కొట్టేదాకా చప్పుడు దూరంలోనే ఉంది. గుండీని రోడ్డు మీది నుంచి ఎత్తి పట్టాల వెంట తోసుకుంటూ పోయింది. అది బల్ల అంచు దాటి కింద పడి దొర్లింది.

దారం ఇంకా నా చేతిలోనే ఉంది. గేటు లేచే ఉంది.

నేను కింద పాకుతూ ఆ గుండీ కోసం వెతికాను. బల్ల కింద, బీరువా కింద, ఎక్కడా లేదు. ఖుద్సియా ఏడుస్తోంది. ముబీనా మీట పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది. చనిపోయిన భర్త గుండీ అది, నేను పోగొట్టాను, ఆమె ఏమంటుందోనని భయపడ్డాను. ఆమె అన్నది ఇంతే.

"మీరు నిద్రపోలే గదా."

నేను నిద్రపోలేదు భాయ్. కన్ను ఆర్పలేదు. నా కొడుకును చంపిన గేటని తెలుసు, డబ్బాలు వెనక్కి రావచ్చని నీ ఉత్తరంలో చదివాను, మోసం ఎక్కడుందో నువ్వు ముందే చెప్పావు. అన్నీ తెలిసి కూడా ఎత్తాను. ఏమీ తెలియకుండా, వెనక లారీలు అరుస్తుంటే నిలబడ్డవాడు ఎత్తడా?

మాఫ్ చేశానని రాయడం లేదు. ఆ మాట చెప్పే హక్కు అక్బర్‌ది, వాడు లేడు. నీ మేనల్లుణ్ణి చూస్తే నా కడుపు రగలదని కూడా చెప్పలేను. కానీ వాడు నిద్రపోయాడన్న అబద్ధం మీద నా కొడుకు చావును రాసి మూసేస్తే నేను ఊరుకోను. జెండా మనిషిని మాన్పించినవాడు, ఫోన్ చేయనివాడు, కుప్ప పోసి రాత్రికి రాత్రి ఎత్తినవాడు, వీళ్లంతా ఆ ఒక్క నిద్ర చాటున దాక్కున్నారు. మధ్యాహ్నం హనుమండ్లు మళ్లీ వస్తే, కాగితాన్ని నా చేతులతో చింపి వాడి ముందు పడేశాను. మర్యాదగా పోయాడు. మళ్లీ వస్తాడనుకుంటా, మర్యాద లేకుండా.

సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. ముబీనా కూడా వస్తానంటోంది. ఇంజను, నాలుగు పట్టా ముక్కలు, నీ కేబిన్ అట్టపెట్టెలో సర్దాము. కోర్టులో బొమ్మలాటలేమిటని నవ్వుతారు, తెలుసు. ఒప్పుకున్న కేసులో చచ్చినవాడి తండ్రి మాట ఎవరు వింటారని వకీలు అంటాడు, అదీ తెలుసు. అంతా అయిపోయిందనే అనుకుంటున్నాను నేను కూడా. అయినా జడ్జి ముందు పెట్టి, "సార్, గీ దారం జర మీరు పట్టుకోండ్రి" అని అడుగుతాను. పట్టుకోకపోతే మీ వకీలు పట్టుకోవాలి. ఆయనా పట్టుకోకపోతే కోర్టు మెట్ల మీద పెట్టుకుని కూర్చుంటాను, వచ్చేపోయే వాళ్లలో ఎవరో ఒకరు పట్టుకోకపోరు.

శ్రీహరితో చెప్పు, అన్నీ చూసి, విని, అయినా గేటు ఎత్తినవాడంటే ఒకరికి సమజైంది అని. ఆ ఒకరు ఎవరో కూడా చెప్పు.

ఒక్క పని మిగిలింది నీకు. కిటికీలో మనిషి లేడు. నిద్రపోతున్న మనిషిని చేయమని నేను రాసిన ఉత్తరం ఉంటే చింపెయ్. మేల్కొని ఉన్నవాణ్ణి చేసి సోమవారం తీసుకురా. వాడి ఎత్తు నన్ను అడగకు, నీ భుజం మీద పెరిగినవాడు. నిలబెట్టు. కళ్లు తెరిచి ఉండాలి. సగం అగ్గిపుల్ల మనిషికి కళ్లు పెట్టడం ఎవరి చేతా కాదని నాకు తెలుసు. అయినా పెట్టు.

నీ
ముకర్రం